అతిథి కోసం ఆగినవాడు

సనద్ సైకిలెక్కింది సరదా పడి కాదు, లైసెన్సు పోయి. ఇరవై రెండేళ్ల వయసులో ఆ అరబ్బు ఊరి కుర్రాళ్లందరూ చేసే పనే అతనూ చేశాడు. దక్షిణాన ఇసుక దిబ్బల మీదికి స్నేహితులతో వెళ్లి, జీపును రెండు చక్రాల మీద నడిపించబోయి బోల్తా కొట్టించాడు. కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు. భుజం అతుక్కుంది గానీ లైసెన్సు ఏడాది దాకా తిరిగి రాలేదు.

రువైస్ అగ్నిమాపక కేంద్రంలో అతనికి అప్పుడే ఉద్యోగమైంది. రోజూ ఎవరో ఒకరు దింపి రావాలి. అక్క హిస్సా వారం రోజులు దింపింది. ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు ఆమె. మొదటి పీరియడుకి రెండుసార్లు ఆలస్యమయ్యాక, "నీ దారి నువ్వు చూసుకో" అని చేతులెత్తేసింది. కేంద్రంలో వంట చేసే నేపాలీ మనిషి జాలిపడి తన సైకిలు ఇచ్చాడు. బుట్ట, క్యారియరు, గంట అన్నీ ఉన్న సైకిలు.

ఆ దేశంలో ఎండలో సైకిలు తొక్కేవాళ్లు వేరు. తోటమాలులు, పాలేళ్లు, తాపీ పనివాళ్లు. తెల్లటి అంగీ మోకాళ్ల దాకా ఎత్తి దోపుకుని ఖల్ఫాన్ గారి అబ్బాయి సైకిలు మీద పోతుంటే ఊరంతా తల తిప్పి చూసింది. శుక్రవారం నమాజు అయ్యాక మర్జూక్ బాబాయ్, మగవాళ్లంతా చేరి కూర్చునే మజ్లిస్‌లో పదిమంది మధ్య పలకరించాడు.

"ఏరా సనద్, కారు బ్యాంకువాళ్లు పట్టుకుపోయారా, లేకపోతే ఎవరి తోటలోనన్నా కుదిరావా? మా తోటలో ఖర్జూరాలు దింపాలి, వస్తావా?"

అందరూ నవ్వారు. సనద్ తండ్రి ఖల్ఫాన్ నవ్వలేదు, అడ్డు కూడా చెప్పలేదు. కాఫీ గిన్నె కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. బాబాయ్ మాట కన్నా అదే సనద్‌కి ఎక్కువ గుచ్చుకుంది.

సనద్‌కి కోపం తొందరగా వచ్చేది కాదు. వస్తే మాత్రం పోయేది కాదు. ఒకరోజు జుబారా రోడ్డు మీద వెళ్తుంటే పక్కనుంచి దూసుకుపోయిన కారులోంచి ఎవడో సగం తాగిన చాయ్ కప్పు విసిరాడు. వేడి వేడి చాయ్ మెడ మీదుగా వీపులోకి కారింది. సనద్ ఆ కారు వెంట పడ్డాడు. బుట్ట సైకిలు మీద, చెప్పులతో, రోడ్డు మలుపు తిరిగేదాకా తొక్కాడు. కారు ఎప్పుడో కనుమరుగైంది. మర్నాడు అదే చోట అంతకన్నా గట్టిగా తొక్కాడు. ఆ మర్నాడూ అంతే. ఏడాది తిరిగి లైసెన్సు చేతికొచ్చేసరికి కారెక్కాలన్న ఆలోచన పోయింది. మొదటి జీతాల్లో మిగిలినదంతా పెట్టి, సన్న చక్రాల రేసు సైకిలు తెప్పించుకున్నాడు.

అప్పటినుంచి హిస్సా మళ్లీ తమ్ముడి బాధ్యత నెత్తిన వేసుకుంది. ఆ రోడ్ల మీద లారీలు సైకిలును చూసి తప్పుకోవు. అందుకని బడికి వెళ్లే ముందు ఆమె తన పెద్ద కారులో, వెనక దీపాలు వెలిగించి, అతని వెనకాలే నడిపేది. కిటికీ దించి ఏదో ఒకటి అంటూనే ఉండేది.

"అలా నడుం వంచుకుని తొక్కుతుంటే వెనకనుంచి అచ్చం పీతలా ఉన్నావురా. పీతయినా పక్కకి నడుస్తుంది, నీకదీ రాదు."

ఆ దేశంలో కొండ లేదు. ఎత్తు ఎక్కాలంటే వంతెన ఎక్కాలి. ఉన్నదల్లా గాలి. చలికాలంలో ఉత్తరం నుంచి దిగి రోజుల తరబడి కొట్టే గాలి. ఎదురు గాలికి తలొంచితే సరిపోతుంది. పక్క గాలి అలా కాదు, మనిషిని రోడ్డు మీదనుంచి తోసేస్తుంది. పందెంగాళ్లు దాన్ని తట్టుకోడానికి ఒకరి వెనక ఒకరు కాకుండా, ఒకరి తుంటి పక్కన ఒకరు చేరి, రోడ్డుకి అడ్డంగా ఏటవాలు వరస కడతారు. ముందున్నవాడు గాలి మోస్తాడు, మిగిలినవాళ్లు వాడి నీడలో తొక్కుతారు, వంతులు మారతాయి. రోడ్డు వెడల్పు ఎంతమందికి చాలితే అంతమందికే ఆ నీడ. చోటు దొరకనివాడు రోడ్డంచున ఇసుకలో, ఒంటరిగా, ఒళ్లంతా గాలికి అప్పగించి తొక్కాల్సిందే. కాసేపటికి వాడు రాలిపోతాడు. యూరప్ నుంచి వచ్చే మొనగాళ్లు ఆ పందేన్ని కొండల పందేలకన్నా ఎక్కువగా తిట్టుకునేది అందుకే.

ద్వీపకల్ప పందెం అని పేరు. ఏటా ఫిబ్రవరిలో, ఐదు రోజులు, రోజుకో దారి. ప్రపంచంలో పేరున్న జట్లన్నీ వచ్చేవి. వాటి మధ్య ఆతిథ్యమిచ్చే దేశం తరఫున ఒక జట్టు ఉండాలి కదా అని పెద్దలు హుబారా అనే జట్టు పెట్టారు. ఎడారిపక్షి బొమ్మ ఉన్న బంగారు రంగు చొక్కాలు. సనద్‌ని అందులోకి తీసుకున్నది ఇరవై ఐదో ఏట.

జట్టు మేనేజరు అబూ జాసిమ్ జన్మలో సైకిలెక్కి ఎరగడు. మనిషి మంచివాడే, అందరినీ "నా బంగారం" అని పిలిచేవాడు. వచ్చినవాళ్లకి మర్యాద చెయ్యడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. విమానాశ్రయంలో ఎదురెళ్లడం, హోటల్లో ఖర్జూరం, కాఫీ పెట్టించడం, విదేశీ జట్ల పెద్దల భుజాల మీద చెయ్యి వేసి ఫొటోలు దిగడం. పందెం మొదలయ్యే చోట హుబారా కుర్రాళ్లని మొదటి వరసలో నిలబెట్టించేవాడు. ఫొటో అయ్యేది. గాలి లేచేది. గంట తిరక్కుండా వాళ్లు ఒక్కొక్కరే వెనకబడి, ఆగిపోయినవాళ్లని ఏరుకుంటూ వచ్చే బండిలో ఎక్కేవాళ్లు. అబూ జాసిమ్ వాళ్లకి తువాళ్లు అందించి, "పర్లేదు నా బంగారం, పాల్గొన్నాం కదా" అనేవాడు.

రెండో ఏడాది ఒక విదేశీ వ్యాఖ్యాత ఆ దృశ్యం చూసి, ఇంటివాళ్లు అతిథుల్ని గుమ్మం దాకా సాగనంపి లోపలికెళ్లి పడుకున్నారని నవ్వాడు. ఆ ముక్క ఎవరో ఫోనుకి పంపించారు. సనద్ అగ్నిమాపక కేంద్రంలో డ్యూటీ మంచం మీద పడుకుని దాన్ని మళ్లీ మళ్లీ విన్నాడు. పక్క మంచం వాడు విసుగొచ్చి తలగడ విసిరాడు.

జట్టులో అతనికి తోడు మిజ్‌బిల్. వక్రా ఊరివాడు, సన్నగా చీపురుపుల్లలా ఉంటాడు, నోరు ఊరుకోదు. ఇద్దరూ ఆ తరవాతి ఏళ్లు పిచ్చిపట్టినట్టు తొక్కారు. వేసవిలో తెల్లారకముందే, చలికాలంలో గాలి ఎక్కడుందంటే అక్కడ. భుజం భుజం రాసుకుంటూ తొక్కడం నేర్చుకున్నారు. మోచేత్తో పొడిస్తే తిరిగి పొడవడం నేర్చుకున్నారు. సనద్‌కి ముప్పై ఒకటి నిండిన ఏడాది ఇద్దరూ మొదటి రోజు దాటారు. రెండో రోజూ దాటారు. హుబారా చొక్కా అన్నాళ్లు పందెంలో నిలవడం అదే మొదటిసారి. హిస్సా ఫోను చేసి, "పీతకి పక్కకి నడవడం వచ్చినట్టుంది" అంది.

మూడో రోజు దారి పడమటి తీరాన దుఖాన్ నుంచి మొదలై ఉత్తరానికి తిరిగి, అడ్డంగా దేశాన్ని దాటి తూర్పున ఖోర్‌లో ముగుస్తుంది. ఉత్తరానికి పోతున్నంతసేపూ గాలి ఎదురుగా ఉంది. అందరూ ఒకే గుంపుగా నడిచారు. తూర్పుకి మలుపు తిరగగానే అది ఎడమ పక్కకి వచ్చింది. ముందున్న బెల్జియం జట్టువాళ్లు ఒక్క ఊపులో వేగం పెంచారు. గుడ్డ చిరిగినట్టు గుంపు చిరిగింది. మొదట ఒక ఏటవాలు వరస, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇసుకలో గిలగిలలాడుతున్న మిగతా జనం.

సనద్ రెండో వరసలో పడ్డాడు. పడ్డాడనకూడదు, సంపాదించుకున్నాడు. ఒక ఇటలీవాడు అతన్ని నీడలోంచి బయటికి నెట్టబోతే భుజం ఆన్చి కదలకుండా నిలబడ్డాడు. వాడు ఏదో తిట్టాడు. సనద్ అరబ్బీలో అంతకన్నా పెద్దది తిట్టి తన వంతు గాలి మోశాడు. పక్కవాడు తన వంతు మోశాడు. ఎవరూ అతన్ని విడ్డూరంగా చూడలేదు, మరో తొక్కేవాడిలాగే చూశారు. అన్నేళ్లుగా అతను కోరుకున్నది అంతే.

అప్పుడు చెవిలో పెట్టుకున్న రేడియోలో అబూ జాసిమ్ గొంతు వినబడింది.

"సనద్, నా బంగారం, ఆగు."

అర్థం కాలేదు. పంక్చరేమో అని కిందికి చూసుకున్నాడు. చక్రాలు బాగానే ఉన్నాయి.

"రూలెన్స్‌కి పంక్చరైంది. వెనకబడిపోయాడు, ఒంటరిగా ఉన్నాడు. వాడి జట్టువాళ్లంతా ముందు వరసలో ఉన్నారు. ఆగి వాడిని తీసుకురా."

రూలెన్స్ అంటే ఆ ఏడాది పందేనికి పెళ్లికొడుకు లాంటివాడు. నగరమంతా అతని బొమ్మలే. సనద్ మైకు నొక్కి, వాడు మన జట్టువాడు కాదు కదా అన్నాడు. ఒక జట్టువాడి కోసం ఇంకో జట్టువాడు ఆగడం తప్పు, అది పందెం రూలు. పసిపిల్లలకి కూడా తెలుసు.

"తెలుసు నా బంగారం. వాడు ఇవాళ పోతే రేపటినుంచి ఈ పందెం ఎవరు చూస్తారు? మన ఇంటికొచ్చిన అతిథి. పైనుంచి మాట వచ్చింది. నేను నోరు తెరిచి అడుగుతున్నాను, నా మాట తీసేస్తావా?"

సనద్ మైకు వదిలేశాడు. తొక్కుతూనే ఉన్నాడు. పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదని పెరిగిన మనిషి. రెండు మూడుసార్లు చక్రం తిరిగింది. తరవాత కాళ్లు వదిలేశాడు. పక్కనున్న ఇటలీవాడు ఆశ్చర్యంగా చూసి ఆ చోటు ఆక్రమించుకున్నాడు. వరస అతన్ని దాటి ముందుకి వెళ్లిపోయింది. అది మెల్లగా చిన్నదైపోతుంటే సనద్ రోడ్డంచున నిలబడినట్టే తొక్కుతూ వెనక్కి తిరిగి చూశాడు.

రూలెన్స్ వచ్చాడు. సనద్ ముందుకి వెళ్లి గాలి మొయ్యడం మొదలుపెట్టాడు. తన వంతు అయ్యాక పక్కకి తప్పుకున్నాడు, ఇప్పుడు నువ్వు అన్నట్టు. రూలెన్స్ మోచెయ్యి ఆడించి, నువ్వే ఉండు అన్నట్టు సైగ చేశాడు. మొహం కూడా తిప్పలేదు. సనద్ మళ్లీ ముందుకెళ్లాడు. దారి పొడుగునా అదే వరస. నోరంతా ఇసుక. కళ్లద్దాల వెనక చెమట మండుతోంది. తొడలు రాళ్లయిపోయాయి. రూలెన్స్ మాట్లాడింది ఒకే ఒక్క మాట, ఇంగ్లీషులో, "వేగంగా" అని.

దూరంగా రెండో వరస మళ్లీ కనిపించింది. దాని తోక అందుకునేంత దగ్గరికి రాగానే రూలెన్స్ సనద్ వెనకనుంచి లేచి, పక్కనుంచి దూకి, ఒక్క ఉరుకులో నీడలో చేరిపోయాడు. సనద్ కూడా లేవబోయాడు. కాళ్లు లేవలేదు. ఉన్నదంతా అప్పటికే గాలిలో పోసేశాడు. వరస రెండోసారి అతన్ని వదిలి వెళ్లిపోయింది.

ఆ తరవాత ఖోర్ దాకా ఒంటరిగా తొక్కాడు. ఏరుకునే బండి వెనకాలే వచ్చింది. డ్రైవరు తలుపు తెరిచి పిలిచాడు. ఎక్కలేదు. మధ్యలో మిజ్‌బిల్ ఉన్న గుంపు దాటిపోయింది. మిజ్‌బిల్ అతన్ని అక్కడ చూసి నోరు తెరిచాడు. సనద్ గీత దాటేసరికి గడువు ముగిసింది. గడువు దాటి వచ్చినవాడు మర్నాడు బయల్దేరడానికి లేదు. ఒక అధికారి వచ్చి, క్షమాపణ అడుగుతున్నట్టు మొహం పెట్టి, వీపు మీద నంబరు విప్పేశాడు. మిజ్‌బిల్ కొద్దిలో తప్పించుకుని లోపలున్నాడు. రూలెన్స్ మొత్తం మీద మూడో స్థానంలో ఉన్నాడు.

ఆ సాయంత్రం హోటల్లో విందు. మాంసం కలిపి వండిన అన్నం, మచ్‌బూస్ పళ్లేలు, నిలువెత్తు పూలు, విదేశీ జట్ల పెద్దలు. సనద్ ఇంటికి పోతానంటే అబూ జాసిమ్ ఒప్పుకోలేదు. ఉతికిన అంగీ తెప్పించి తొడిగించి ముందు వరసలో కూర్చోబెట్టాడు. కాసేపటికి వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు. ఎడారిలో పుట్టినవాళ్లకి అతిథి అంటే ఏమిటో ఇవాళ మా బిడ్డ ఒకడు లోకానికి చూపించాడని, తన చోటు వదిలి అతిథిని గమ్యానికి చేర్చాడని, ఇదీ మన రక్తమని అన్నాడు. చప్పట్లు మోగాయి. ఎవరో వెండి డేగ బొమ్మ ఉన్న పెట్టె తెచ్చారు. రూలెన్స్ కూడా చప్పట్లు కొట్టాడు, ఎవరికి కొడుతున్నాడో తెలియని మనిషిలా అటూ ఇటూ చూస్తూ.

సనద్ వేదిక ఎక్కాడు. పెట్టె అందుకోలేదు. మైకు అందుకున్నాడు.

"మా తాత ఇంటికి ఎవరొచ్చినా కాఫీ పోసేవాడు. మూడు రోజులు నువ్వెవరని అడిగేవాడు కాదు. అతిథి తన మొహం కేసి కూడా చూడకపోతే ఏం చేసేవాడో నాకు తెలీదు, అలాంటివాడు ఆయన ఇంటికి రాలేదు. నేను ఇవాళ చేసింది మర్యాద కాదు. నన్ను ఆపారు. ఆగాను. దానికి ఈ పేరు పెట్టకండి అబూ జాసిమ్. మా తాత పేరు మధ్యలోకి లాగకండి."

అబూ జాసిమ్ నవ్వు చెదరకుండా మైకు మీద చెయ్యి వేసి, మెల్లగా, "దిగు నా బంగారం, అలిసిపోయావు" అన్నాడు. సనద్ దిగాడు. అయితే కుర్చీ వైపు వెళ్లలేదు. తిన్నగా కారిడారు చివర న్యాయనిర్ణేతలు కూర్చునే గదికి వెళ్లి తలుపు తట్టాడు.

ప్రధాన న్యాయనిర్ణేత పోర్చుగల్ దేశపు మనిషి, నెరిసిన జుట్టు, ఫిలిపా అని పేరు. సనద్ వచ్చీరాని ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పాడు. ఆమె కలం కింద పెట్టింది.

"ఇది నేను రాసుకుంటే నీ మీద కూడా చర్య తీసుకోవాలి. నీ జట్టు మొత్తం మీద కూడా. ఆలోచించుకుని రా."

"ఆలోచించుకుంటే రాను," అన్నాడు సనద్. "రాసుకోండి."

తెల్లారేసరికి తీర్పు వచ్చింది. రూలెన్స్‌ని ఆ రోజు వచ్చినవాళ్లందరి కిందికి దించి, పైగా సమయం కూడా కలిపారు. అతను మర్నాడు బయల్దేరకుండానే విమానం ఎక్కాడు. ఎక్కేముందు విలేఖరులతో, నా కోసం ఆగమని నేనెవరినీ అడగలేదు అన్నాడు. ఆ మాట టీవీలో విని సనద్ చేతిలోని గ్లాసు గోడకేసి కొట్టాడు. అబద్ధమైతే అంత మండేది కాదు. నిజంగానే రూలెన్స్ అడగలేదు. అబూ జాసిమ్‌కి ఆ సీజనంతా నిషేధం. సనద్‌కి ఆరు నెలలు. హుబారా జట్టును పందెంలోంచి తీసేశారు. అంటే, నాలుగో రోజు బయల్దేరడానికి చొక్కా వేసుకుని బూట్లు బిగించుకుంటున్న మిజ్‌బిల్‌ని కూడా.

మిజ్‌బిల్ ఆ బూట్లతోనే టకటకమంటూ హోటలు గదికి వచ్చాడు.

"నువ్వు పోయావు సరే. నన్నెందుకు తీసుకుపోయావురా?"

సనద్ ఏదో చెప్పబోయాడు.

"చెప్పకు. నువ్వు చేసింది కరెక్టే, నాకూ తెలుసు. అబూ జాసిమ్ గడ్డం పట్టుకుని ఊపినా తప్పు లేదు. కానీ నేను లోపలున్నాను. ఆరేళ్లు తొక్కితే ఒక్కసారి లోపలున్నాను. ఆ గదికి వెళ్లే ముందు మన గది తలుపు తట్టి, ఇలా చేస్తున్నానురా అని ఒక్క ముక్క చెప్పాల్సింది. నేను వద్దనేవాణ్ని కూడా కాదేమో. అడగలేదు నువ్వు."

అని వెళ్లిపోయాడు. సనద్‌కి అప్పటిదాకా తట్టనే లేదది. కోపంలో కారిడారు పొడుగునా నడిచినప్పుడు ఆ తలుపు పక్కనుంచే వెళ్లాడు.

ఊళ్లో సంగతి ఇంకోలా ఉంది. ఇంటికొచ్చిన అతిథిని బజారుకీడ్చాడని పేపర్లో ఎవరో రాశారు. మర్జూక్ బాబాయ్ దాన్ని మజ్లిస్‌లో పైకి చదివించి, మా వంశంలో ఇలాంటివాడు పుట్టలేదని గడ్డం నిమురుకున్నాడు. ఒకప్పుడు సైకిలెక్కితే తలవంపులన్నవాడే, ఇప్పుడు ఆ సైకిలు వల్ల దేశం పరువు పోయిందన్నాడు. హిస్సా లోపలి గదిలోంచి, "బాబాయ్, పరువు పోయింది ఆగమని చెప్పినప్పుడా, తీర్పు వచ్చినప్పుడా?" అని గట్టిగా అడిగింది. ఆయన విననట్టు కాఫీ తాగాడు.

ఖల్ఫాన్ అప్పుడు కూడా ఏమీ అనలేదు. రెండు రోజులు ఓర్చుకున్నాక సనద్ రేవుకి వెళ్లాడు. తండ్రి చేపలు పట్టే తీగ బుట్టలు ముందేసుకుని తెగినచోట అల్లుతున్నాడు. సనద్ ఎదురుగా కూర్చున్నాడు. తిట్టాలనుకుంటే తిట్టండి నాన్నా, ఊరుకోవద్దు అన్నాడు.

ఖల్ఫాన్ తీగ మెలివేస్తూనే మాట్లాడాడు.

"అందరూ నువ్వు చెప్పినందుకు తిడుతున్నారు. నేను దానికి తిట్టను. ఎందుకు ఆగావు?"

"ఆగమన్నారు."

"ఎవరు? ఒడ్డున కుర్చీలో కూర్చున్నవాడు. నువ్వు సముద్రంలో ఉన్నావు, గాలి దొరికింది. వెనకవాడి కోసం తెరచాప దించమని వాడంటే దించేస్తావా? వెనకవాడు మునిగిపోతున్నాడా?"

"లేదు."

"మునిగిపోతుంటే దించాలి. పగవాడైనా దించాలి. వాడు మునగట్లేదు. వెనకబడ్డాడు, అంతే. నీ నంబరు రెండో వరసలో కనబడుతుంటే ఈ రేవు టీ కొట్లో టీవీ ముందు మేం పదిమందిమి లేచి నిలబడ్డాం. కాళ్లు వదిలేశావు. నీకేదో అయిందనుకున్నాను. గుండె నొప్పేమో అనుకున్నాను."

సనద్ తల ఎత్తి చూశాడు. నాన్న పందెం చూస్తాడని, తన నంబరు ఆయనకి తెలుసని అతను ఎన్నడూ అనుకోలేదు. అన్నేళ్లూ ఆ టీ కొట్లో జాలర్ల మధ్య నిలబడి చూస్తున్నాడట, ఇంట్లో చెప్పకుండా.

"మరి ఒక్కసారైనా అనలేదేం?" అన్నాడు సనద్. కోపమో ఏడుపో తెలియలేదు. "మీరు లేచి వెళ్లిపోతుంటే సిగ్గుపడుతున్నారనుకున్నాను. తొమ్మిదేళ్లు అలాగే అనుకున్నాను."

"మొదట సిగ్గే పడ్డాను," అన్నాడు ఖల్ఫాన్. "తరవాత ఎలా చెప్పాలో తెలీలేదు." బుట్ట తిప్పి రెండో పక్క అందుకున్నాడు. "ఇది పట్టుకో, గట్టిగా."

ఆ ఆరు నెలలూ సనద్ ఎవరి మీద కోపపడాలో తెలియక అందరి మీదా కోపపడ్డాడు. అబూ జాసిమ్ మీద, రూలెన్స్ మీద, బాబాయ్ మీద, ఇన్నేళ్లు నోరు విప్పని తండ్రి మీద. అన్నిటికన్నా ఎక్కువగా, వదిలేసిన తన రెండు కాళ్ల మీద. నిద్రలో అవి వదిలేసిన క్షణమే వచ్చేది. మిజ్‌బిల్‌కి ఎన్నిసార్లు ఫోను చేసినా తియ్యలేదు. వక్రా వెళ్లి ఇంటిముందు నిలబడితే, లేడని వాళ్లమ్మ చెప్పింది. లోపల సైకిలు చక్రం తిరుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

నిషేధం ముగిసినా హుబారా అతన్ని పిలవలేదు. పిలుస్తుందని అతనూ అనుకోలేదు. అబూ జాసిమ్ ఆ సీజను అవగానే మళ్లీ తన కుర్చీలో కూర్చున్నాడు. సనద్‌ని తీసుకున్నది కువైట్‌లోని ఒక చిన్న జట్టు. వాళ్ల కోచ్ ఫోనులో, మా దగ్గర డబ్బుల్లేవు, మెకానిక్కు ఒక్కడే, అయినా ఎవడి కోసమూ ఆగమని మాత్రం చెప్పం అన్నాడు. అగ్నిమాపక కేంద్రంలో సెలవులన్నీ కలిపి పోగుచేసుకుని సనద్ రెండేళ్లు వాళ్ల ఆకుపచ్చ చొక్కా వేసుకున్నాడు.

ఆ రెండో ఏడు ద్వీపకల్ప పందెంలో బయల్దేరాడు. సొంత దేశంలో పరాయి చొక్కాతో. కొన్నిచోట్ల జనం అరిచారు, కొన్నిచోట్ల ఒకరిద్దరు వీపు తిప్పారు. మూడో రోజు గాలి మళ్లీ పక్కనుంచి వచ్చింది. సనద్ మొదటి వరసలో చోటు కోసం పోట్లాడి ఓడిపోయి, రెండోదానిలో పోట్లాడి గెలిచాడు. ఐదో రోజు నగరపు సముద్ర తీరాన గీత దాటాడు. మొత్తం మీద ఎక్కడో నడిమధ్య స్థానం. ఆ దేశంలో పుట్టినవాడు పందెం మొత్తం పూర్తిచెయ్యడం అదే మొదలు. అబూ జాసిమ్ చేతులు రెండూ చాపి, వెనకాల కెమెరావాళ్లతో ఎదురొచ్చాడు.

"నా బంగారం, నేను అప్పుడే చెప్పాను వీళ్లకి..."

సనద్ సైకిలు దిగి, దాన్ని తనకీ ఆయనకీ మధ్య నిలబెట్టాడు. ఏం చెప్పారు అని అడిగాడు. అబూ జాసిమ్ నవ్వాడు. ఏం చెప్పారు, చెప్పండి అని సనద్ రెండోసారి అడిగాడు, కెమెరాలు వినేలా. ఆయన మొహంలో నవ్వు అప్పుడు మొదటిసారి ఆరిపోయింది. ఎవరో పిలిచినట్టు పక్కకి తిరిగి వెళ్లిపోయాడు. సనద్‌కి అందులో అనుకున్నంత తృప్తి దొరకలేదు. ఇంకో నాలుగు మాటలు మిగిలిపోయాయనిపించింది.

మరుసటి ఏడాది పందెం జరగలేదు. స్పాన్సర్లు లేరన్నారు. ఆ తరవాత ఎవరూ దాని ఊసెత్తలేదు. నగరంలో బొమ్మలు అంటించిన స్తంభాల మీద వేరే బొమ్మలు వచ్చాయి. సనద్‌కి ఆ వార్త డ్యూటీలో తెలిసింది. చక్కబెట్టుకోవాల్సినవి ఇంకా ఎన్నో ఉండగా ఎవడో దీపం ఆర్పేసినట్టయింది. ఆ మధ్యాహ్నం గాలి బలంగా ఉంది. డ్యూటీ దిగి, తిండి కూడా తినకుండా జుబారా రోడ్డు ఎక్కాడు.

పాత కోట దగ్గర మిజ్‌బిల్ కనిపించాడు. వక్రా నుంచి అంత దూరం వచ్చాడు. అతనికీ ఆ వార్తే తెలిసుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తల ఊపుకోలేదు. మిజ్‌బిల్ వచ్చి అతని తుంటి పక్కన, గాలి తగలని వైపు చేరాడు. సనద్ మోశాడు. తరవాత మిజ్‌బిల్ మోశాడు.

"నువ్వు ఒక్కసారన్నా పూర్తిచేశావు," అన్నాడు మిజ్‌బిల్ చివరికి, రోడ్డు మీదనుంచి కళ్లు తిప్పకుండా. "నాకిక అదీ లేదు."

"తెలుసు."

"తెలుసని ఊరుకోకు. నాకు నీ మీద ఇంకా కోపంగానే ఉంది."

"ఉండనీ," అన్నాడు సనద్. "నీ వంతు, ముందుకి రా."

మిజ్‌బిల్ బూతొకటి గొణిగి ముందుకి వచ్చాడు. రువైస్ మలుపు దాకా వంతులు మార్చుకుంటూనే ఉన్నారు. అక్కడ వెళ్తానని కూడా చెప్పకుండా విడిపోయారు. మరుసటి శుక్రవారం, గాలి అంతగా లేకపోయినా, మిజ్‌బిల్ మళ్లీ వచ్చాడు.